నేతకు అడ్డంగా

ఆదివారం పొద్దున ఆరింటికల్లా
లాలాపేటలో ఖాజావలి కొట్టు ముందుంటాను.
"మోకాళ్లు కొట్టకుండా ఇవ్వు" అంటే
మొదటి వారం నవ్వాడు.
ఇప్పుడు అడక్కుండానే
ఎనిమిది గొర్రె కాళ్లు, కీలు చెదరకుండా,
తడిగుడ్డలో చుట్టి పక్కన పెడతాడు.
"సూపుకి కాదంట" అని చెబుతాడు వరసలో ఉన్నవాళ్లకి,
"డాక్టరమ్మ వీటికి కుట్లేస్తది."

కీలు విప్పితే లోపల రెండు నెలవంకలు.
మీగడ రంగు. వేలికి జారే నునుపు.
ఒళ్లు బరువంతా దిగేది ఈ సన్నని అంచుల మీదే.
నేనే చీలుస్తాను. నేనే కుడతాను.
సగం వాటికి నిలువు కుట్టు, సగం వాటికి అడ్డకుట్టు.
దారం ఒకటే, ముడి ఒకటే,
రాత్రి డ్యూటీ దిగి వచ్చిన చెయ్యీ ఒకటే.

లాగే మిషను ఇంజనీరింగ్ కాలేజీ వాళ్లది.
వారమంతా ఇనప ఊచలు తెంపుతుంది,
ఆదివారం నాకిస్తారు.
తాళం తీసే సాంబిరెడ్డి ముక్కు మూసుకుని చూస్తాడు:
"ఊచ తెగితే గది అదురుద్ది మేడం,
ఇదేంటి, చప్పుడే చెయ్యదు."

చెయ్యదు. అసలు దారం తెగితేగా.
ముడి పెట్టినచోటే ఉంటుంది,
బజ్జీల బండి దగ్గర ఉడికిన గుడ్డుని
దారంతో రెండు చెక్కలు చేసినట్టు
అడ్డకుట్టు నెలవంకను కోసుకుంటూ బయటికొచ్చేస్తుంది.
నలభై ఒకటి. ముప్పై ఎనిమిది. నలభై నాలుగు.
నిలువు కుట్టు మాత్రం అరవై దాటాక కూడా
మొండికేసి వేలాడుతుంది.

పోగులు అంచు వెంబడి పరుగెడతాయని
మా సారు బోర్డు మీద గీసి చూపించారు.
తలూపాను.
తలకెక్కింది మాత్రం మిర్చి యార్డులో.

ఆపరేషనుకి తారీఖిచ్చినా రాని ఏసోబుని వెతుక్కుంటూ వెళ్లాను,
చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని, దగ్గుకుంటూ.
అతను లేడు, టీకి పోయాడు.
బస్తా మూతులు కుట్టే దీనమ్మ
దబ్బనం ఆపకుండానే కూర్చోమంది.
"నేత ఎంబడే గుచ్చితే, ఎత్తగానే
దారం పోగుల మధ్య జారుకుంటా పోద్ది తల్లీ.
నేతకి అడ్డం పడాల.
పది పోగుల్ని ఒక్కసారే పట్టుకోవాల."
మా పుస్తకం నిలువు అన్నదాన్ని
ఆమె అడ్డం అంటోంది. కుట్టు అదే.

ఏసోబు వచ్చాడు, కుడికాలు ఈడ్చుకుంటూ.
"మీ కుట్టు ఎంత బరువు ఆపుద్దమ్మా?"
అరవై న్యూటన్లంటే ఆరు కిలోలు.
అతను ఎత్తే బస్తా నలభై ఐదు.
అబద్ధం నోటిదాకా వచ్చి ఆగింది.
"బరువు కాదు. ఆరు వారాలు ఆపుద్ది.
ఆలోపు చీలిక తనంతట తాను అతుక్కోవాలి."
"ఆరు వారాలు నన్నెవరు ఆపుతారు?" అన్నాడు,
కోపంగా కాదు, లెక్క అడిగినట్టు.
నా థీసిస్‌లో ఆ పరీక్ష లేదు.

తర్వాతి నెల కుట్టాం. నాలుగు కుట్లు, నాలుగూ నిలువే.
నేను దారం అందించాను, సారు ముడేశారు.

నాలుగో వారం ఉండబట్టలేక యార్డుకి వెళ్లాను.
మెట్ల మీద, వీపు మీద బస్తాతో
అతను కనబడతాడని దారంతా భయం.
కనబడ్డాడు.
షెడ్డు నీడలో కాలు బారచాపి,
మోకాలి పట్టీ మీద ఎర్రటి కారప్పొడి,
చేతిలో దబ్బనం.
బస్తాకి ఇంతని కూలి, మోతలో సగం కూడా రాదు.

పక్కనే దీనమ్మ అతను కుట్టిన మూతిని
కసిగా విప్పుతోంది.
"చూడు తల్లీ, మళ్లీ నేత ఎంబడే!
మోకాల్లో ఏసుకొచ్చాడు గానీ
కుట్టు మాత్రం రాలా."
ఏసోబు తుమ్మాడు, నవ్వాడు,
పురికొస కొస తడిచేసి
మళ్లీ సూదికెక్కించాడు.